చిన్న దీవులు: ప్రకృతి వనరుల పరిరక్షణ, వాతావరణ అనుకూలనం

చిన్న దీవుల్లో నేల, మంచినీరు, పగడపు దిబ్బలు, మడ అడవులు, చేపలు ఎలా నిలుస్తాయి, పెరుగుతున్న సముద్రమట్టాన్నీ వేడెక్కుతున్న నీటినీ తుపాన్లనూ కరవునూ అక్కడి జనం ఎలా తట్టుకుంటున్నారు అన్నది ఈ వ్యాస విషయం. పెద్ద దేశాల్లో వనరుల పరిరక్షణను ఒక శాఖ, విపత్తుల సన్నద్ధతను మరో శాఖ చూస్తాయి. చిన్న దీవుల్లో ఈ రెంటినీ విడదీయడం కుదరదు. మాల్దీవుల్లో ఒక చేప జాతి తగ్గితే దీవికి కొత్త ఇసుక అందదు. కిరిబాటిలో బావి నుంచి మోతాదు మించి నీళ్లు తోడితే పక్కనున్న దుంప పంటకు ఉప్పు తగులుతుంది.

నిర్వచనం, పరిధి

ప్రకృతిసిద్ధంగా ఏర్పడి, చుట్టూ నీరుండి, పోటు వేళ కూడా మునగని భూభాగమే దీవి అని 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒప్పందంలోని 121వ అధికరణం చెబుతుంది. ఎంత ఉంటే ‘చిన్న’ది అనడానికి ఒకే కొలత లేదు. జలశాస్త్రంలో 2,000 చదరపు కిలోమీటర్ల లోపు విస్తీర్ణం గానీ 10 కిలోమీటర్ల లోపు వెడల్పు గానీ ఉన్నవాటిని చిన్న దీవులుగా లెక్కించడం వాడుక. 100 చదరపు కిలోమీటర్ల లోపు గానీ 3 కిలోమీటర్ల లోపు వెడల్పు గానీ ఉంటే అవి అతిచిన్న దీవులు.

రాజకీయ నిర్వచనం వేరు. ‘అభివృద్ధి చెందుతున్న చిన్న దీవి దేశాలు’ అన్న ప్రత్యేక వర్గాన్ని 1992లో రియో సదస్సు గుర్తించింది. ప్రధాన భూభాగంలో ఉన్న గయానా, బెలిజ్ కూడా ఈ జాబితాలో ఉన్నాయి. భారతదేశంలో భాగమైన లక్షద్వీప్ లాంటివి అందులో లేవు, కానీ వాటి కష్టాలు ఈ దేశాల కష్టాల్లాంటివే.

వాతావరణ మార్పుకు కారణమైన వాయువులను తగ్గించడాన్ని ఉపశమనం అంటారు. జరుగుతున్న, జరగబోయే మార్పుకు తగ్గట్టు ఇళ్లనూ పంటలనూ నీటి వాడకాన్నీ చట్టాలనూ మార్చుకోవడం అనుకూలనం. చిన్న దీవి దేశాలన్నీ కలిసి విడుదల చేసే వాయువులు ప్రపంచ మొత్తంలో ఒక శాతం కూడా ఉండవు. కాబట్టి వాటి చేతిలో ఉన్నది ప్రధానంగా రెండోదే.

దీవుల రకాలు

మారిషస్, డొమినికా వంటివి అగ్నిపర్వతాల నుంచి పుట్టిన ఎత్తైన దీవులు. వాటికి కొండలు, వాగులు, అడవులు ఉంటాయి. జనం, రోడ్లు, హోటళ్లు మాత్రం సన్నని తీరపట్టీలోనే కిక్కిరిసి ఉంటాయి. నౌరు, నియూ వంటివి ఒకప్పటి పగడపు దిబ్బలు సముద్రం పైకి లేచి ఏర్పడిన సున్నపురాతి దీవులు. సీషెల్స్ ప్రధాన దీవులు ప్రాచీన ఖండపు గ్రానైటు ముక్కలు. నదులు తెచ్చిన ఒండ్రుతో, ఇసుకతో ఏర్పడినవి మరో రకం. సుందరవనాల్లోని ఘోరమారా, కాకినాడ ఎదుట ఉన్న హోప్ ఐలాండ్ ఈ కోవలోవి.

అన్నిటికన్నా పల్లంగా ఉండేవి పగడపు వలయ దీవులు. మాల్దీవులు, లక్షద్వీప్, తువాలు, మార్షల్ దీవులు ఈ రకానివే. అగ్నిపర్వత దీవి మెల్లగా కుంగిపోతుంటే దాని అంచున పగడాలు పైకి పెరుగుతూ పోతాయనీ, చివరికి కొండ మాయమై వలయం మిగులుతుందనీ చార్లెస్ డార్విన్ 1842లో ప్రతిపాదించాడు. వలయం లోపల లోతు తక్కువైన ఉప్పునీటి మడుగు, అంచున అక్కడక్కడ ఇసుక దీవులు ఉంటాయి. మాల్దీవుల్లో దాదాపు 1,190 దీవులుంటే జనం ఉండేవి 200 లోపే. ఆ దేశపు నేలలో 80 శాతం సముద్రానికి ఒక మీటరు ఎత్తు కూడా లేదు.

చరిత్ర

వనరులకు హద్దు ఉంటుందన్న ఎరుక పసిఫిక్ దీవుల్లో చట్టాల కన్నా ఎంతో పాతది. పలావ్ దేశంలో చేపలు గుడ్లు పెట్టే కాలంలో గ్రామ పెద్దలు పగడపు దిబ్బలో కొంత భాగాన్ని మూసేస్తారు. ఆ ఆచారం పేరు ‘బుల్’. ఫిజీలో దీన్నే ‘తంబు’ అంటారు. ఊరి పెద్ద మరణిస్తే కొన్ని నెలల పాటు ఫలానా చోట వల వేయకూడదన్న కట్టుబాటు అక్కడ ఉంది.

వలస పాలన ఈ లెక్కను తలకిందులు చేసింది. మారిషస్‌లో మాత్రమే బతికిన డోడో పక్షి 17వ శతాబ్దం ముగిసేలోగా అంతరించింది. నల్లచేవ మాను అడవులు నరికివేతకు గురయ్యాయి. అడవి పోతే వాన తగ్గుతుందన్న భయంతో చట్టం చేసిన తొలి ప్రాంతాల్లోనూ చిన్న దీవులే ఉన్నాయి. 1769లో ఫ్రెంచి పాలనలోని మారిషస్‌లో పాలనాధికారి పియర్ పువావ్ర్ హయాంలో వచ్చిన శాసనం ప్రతి భూస్వామీ తన భూమిలో నాలుగో వంతును అడవిగా ఉంచాలని నిర్దేశించింది. 1776లో కరీబియన్ దీవి టొబాగోలో కొండ శిఖరాల వెంట ఉన్న అడవిని వానల రక్షణ కోసమని చట్టంలోనే రాసి కాపాడారు. ఆ అడవి నేటికీ నిలిచి ఉంది.

ఫాస్ఫేట్ కథ మరింత కఠినమైనది. నౌరు విస్తీర్ణం 21 చదరపు కిలోమీటర్లు. 20వ శతాబ్దం మొదట్లో మొదలైన తవ్వకం దీవి నడిబొడ్డునంతా మొనదేలిన సున్నపురాతి స్తంభాల ఎడారిగా మార్చేసింది. ఆ ఎరువు ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ పొలాలకు వెళ్లింది. 1989లో నౌరు అంతర్జాతీయ న్యాయస్థానంలో ఆస్ట్రేలియాపై దావా వేయగా 1993లో రాజీ కుదిరింది. నేటి కిరిబాటిలోని బనాబా దీవిలో 1900 నుంచి 1979 దాకా ఇదే తవ్వకం సాగింది. అక్కడి జనాన్ని 1945లో ఫిజీలోని రాంబీ దీవికి తరలించారు. వాతావరణ మార్పు మాట పుట్టకముందే ఒక దీవి ప్రజలు సొంత నేలను పోగొట్టుకున్నారు. నేటి తరలింపుల చర్చలో బనాబా పేరు తప్పక రావలసింది ఇందుకే.

ఆధునిక దశకు 1987ను మొదలుగా చెప్పవచ్చు. ఆ ఏడాది పెద్ద అలలు మాల్దీవుల రాజధాని మాలేను ముంచాయి. అధ్యక్షుడు మౌమూన్ అబ్దుల్ గయూమ్ తమ దేశానికి పొంచి ఉన్న ముప్పును ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభకు వివరించాడు. 1990లో చిన్న దీవి దేశాల కూటమి ఏర్పడింది. 1994లో బార్బడోస్, 2005లో మారిషస్, 2014లో సమోవా, 2024లో ఆంటిగ్వా సదస్సులు వరుసగా కార్యప్రణాళికలు ప్రకటించాయి. 2015 పారిస్ ఒప్పందంలోకి 1.5 డిగ్రీల లక్ష్యం ఎక్కడానికి ఈ కూటమి పట్టుదలే ప్రధాన కారణం.

నేల ఎలా నిలుస్తుంది: పగడం, ఇసుక, చిలక చేప

పగడపు దీవిలో ఇసుక కొండరాయి అరిగి వచ్చింది కాదు. అది పగడాలు, గవ్వలు, సున్నపు నాచు విరిగి పొడై చేరినది, అంటే ప్రాణులు తయారు చేసిన నేల. ఇందులో చిలక చేపల పాత్ర ఆశ్చర్యం గొలుపుతుంది. చిలక ముక్కులాంటి గట్టి దవడతో ఇవి చచ్చిన పగడాన్ని గీకి, పైనున్న నాచు తిని, మింగిన రాతిని సన్నని ఇసుకగా విసర్జిస్తాయి. మాల్దీవుల్లోని వక్కారు దీవి చుట్టూ చేసి 2015లో ప్రచురించిన పరిశోధనలో, కొత్తగా తయారవుతున్న ఇసుకలో 85 శాతానికి పైగా ఈ చేపల నుంచే వస్తున్నదని తేలింది. చిలక చేపల వేటను బెలిజ్ 2009లోనే నిషేధించింది.

దిబ్బ అలకు అడ్డుకట్ట కూడా. ప్రపంచంలోని అనేక పగడపు దిబ్బల కొలతలను కలిపి 2014లో చేసిన విశ్లేషణ ప్రకారం, అలలోని శక్తిలో సగటున 97 శాతాన్ని దిబ్బ దాటకముందే అది పీల్చుకుంటుంది. అయితే పగడం వేడికి ఓర్చదు. దాని కణజాలంలో బతుకుతూ ఆహారం అందించే సూక్ష్మ శైవలాలు, వేసవి గరిష్ఠం కన్నా నీరు ఒక డిగ్రీ పెరిగి కొన్ని వారాలు అలాగే ఉంటే బయటికి వెళ్లిపోతాయి. పగడం తెల్లబడి, వేడి తగ్గకపోతే చనిపోతుంది. 1998లో మాల్దీవుల్లో లోతు తక్కువ నీటిలోని పగడాల్లో 90 శాతానికి పైగా ఇలా పోయాయి. 2024 ఏప్రిల్‌లో శాస్త్రవేత్తలు నాలుగో ప్రపంచవ్యాప్త తెల్లబారుడును ప్రకటించారు.

పరిరక్షణ ఇక్కడ ఊహించని దారుల్లో పనిచేస్తుంది. హిందూ మహాసముద్రంలోని చాగోస్ దీవుల్లో ఓడల వెంట వచ్చిన ఎలుకలు కొన్ని దీవుల్లో సముద్ర పక్షుల గుడ్లన్నీ తినేశాయి, మరికొన్ని దీవులకు అవి చేరలేదు. పక్షులున్న చోట వాటి రెట్టలోని నత్రజని వానకు కొట్టుకుపోయి దిబ్బకు చేరుతుంది. ఎలుకలు లేని దీవుల చుట్టూ చేపల మొత్తం బరువు 48 శాతం ఎక్కువని 2018లో వెలువడిన అధ్యయనం చూపింది. దీవిలో ఎలుకలను నిర్మూలిస్తే సముద్రంలో చేపలు పెరుగుతాయన్నమాట.

సముద్రమట్టం పెరిగితే దీవులన్నీ ఒక్కసారిగా మునిగిపోతాయన్న ప్రచారం మాత్రం శాస్త్రానికి సరిపోదు. 1971 నుంచి 2014 వరకు తువాలులోని 101 దీవులను వైమానిక, ఉపగ్రహ చిత్రాలతో పోల్చిన పరిశోధకులకు మొత్తం నేల 2.9 శాతం పెరిగినట్టు కనిపించింది. అలలు ఒక అంచును కోసి మరో అంచున ఇసుక పోస్తాయి. ఏటి కోతనూ మేటనూ ఏటేటా చూసే గోదావరి, కృష్ణా లంకల రైతులకు ఇది కొత్త సంగతి కాదు. మరోవైపు సోలమన్ దీవుల్లో చెట్లతో ఉన్న ఐదు చిన్న దీవులు 1947–2014 మధ్య పూర్తిగా మాయమయ్యాయని 2016లో తేలింది. నేల మిగిలినంత మాత్రాన బతుకు మిగలదన్నది మరో పరిశోధక వర్గం వాదన. అలలు తరచుగా దీవి మీదుగా పొర్లి తాగునీరు ఉప్పబారితే, మునగకముందే చాలా వలయ దీవులు ఈ శతాబ్దం మధ్యకల్లా నివాసయోగ్యం కాకుండా పోవచ్చని 2018 అధ్యయనం ఒకటి హెచ్చరించింది. రెండు వాదాలూ పొంతన లేనివి కావు. మొదటిది నేల వైశాల్యాన్ని కొలిచింది, రెండోది నీళ్ల బావిని చూసింది.

మంచినీటి కటకం

పగడపు దీవిలో నదులుండవు. కురిసిన వాన ఇసుకలోకి ఇంకి, కింద ఉన్న ఉప్పునీటి మీద తేలుతూ కటకం ఆకారంలో నిలుస్తుంది. మంచినీరు తేలికైనది కావడమే ఇందుకు కారణం. సముద్రమట్టానికి పైన ఒక మీటరు మంచినీరు ఉంటే కింద సుమారు 40 మీటర్ల దాకా ఉంటుందన్న సూత్రాన్ని 19వ శతాబ్దం చివర డచ్చి ఇంజినీరు బాడన్ గీబెన్, 1901లో జర్మన్ శాస్త్రవేత్త హెర్జ్‌బర్గ్ విడివిడిగా కనుగొన్నారు. ఈ లెక్కకు వెనుకవైపు కూడా ఉంది. బావిలో మట్టం ఒక మీటరు తగ్గితే అడుగున ఉప్పునీరు 40 మీటర్లు పైకి రావాలి. చిన్న దీవిలో కటకం మందమే కొద్ది మీటర్లు.

అందుకే లోతైన బోరు ఇక్కడ పనికిరాదు. తారావా వలయంలోని బొన్రికిలో కిరిబాటి ప్రభుత్వం నిలువు బావులకు బదులు నేలలో అడ్డంగా చిల్లుల గొట్టాలు పరిచి, పై పొర నీటిని మాత్రమే మెల్లగా తోడే పద్ధతి పాటిస్తోంది. ఆ పైన ఇళ్లు, పందుల దొడ్లు ఉండకూడదు. నీటి కోసం కేటాయించిన ఆ భూమి యజమానులకూ ప్రభుత్వానికీ మధ్య ఏళ్ల తరబడి వివాదం నడిచింది. సెంటు నేల కూడా విలువైన చోట పరిరక్షణ భారం ఎవరి మీద పడుతుందన్న ప్రశ్న చిన్నది కాదు.

అలలు పొర్లితే ఈ కటకం ఉప్పబారి, మళ్లీ తేరుకోవడానికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. 2004 సునామీ తర్వాత మాల్దీవుల్లో అనేక దీవుల బావులు ఇలాగే పాడయ్యాయి. చేమ జాతి దుంపలను కిరిబాటిలో ‘బబాయ్’ అనీ తువాలులో ‘పులకా’ అనీ అంటారు. నీటిమట్టం దాకా గుంటలు తవ్వి ఆకు ఎరువు నింపి వీటిని పండిస్తారు. గుంటలోకి ఉప్పు వస్తే ఏళ్ల పంట పోతుంది. దాంతో జనం దిగుమతి బియ్యం, పిండి మీద మరింతగా ఆధారపడతారు.

వాననీటిని పట్టడం రెండో మార్గం. బెర్ముడాలో సున్నం పూసిన తెల్లని మెట్ల పైకప్పుల మీద పడ్డ చినుకు ఇంటి కింది తొట్టిలోకి చేరుతుంది. ఈ ఏర్పాటు లేకుండా అక్కడ ఇల్లు కట్టనివ్వరు. కానీ వాన మొహం చాటేస్తే? 2011లో లానినా వల్ల తువాలులో నెలల తరబడి వానలు లేక అత్యవసర పరిస్థితి ప్రకటించి, నీటికి రేషన్ పెట్టారు.

మూడోది ఉప్పునీటిని శుద్ధి చేయడం. ఇది కరెంటును తింటుంది, యంత్రం ఆగితే ఊరు ఆగుతుంది. 2014 డిసెంబరులో మాలేలోని శుద్ధి కేంద్రంలో మంటలు రేగడంతో లక్షమందికి పైగా తాగునీరు ఆగిపోయింది. భారత్ విమానాల్లో, నౌకల్లో నీళ్లు పంపింది. ఆ సహాయానికి పెట్టిన పేరు ‘ఆపరేషన్ నీర్’. లక్షద్వీప్‌లోని కవరత్తిలో 2005లో చెన్నైకి చెందిన జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ వేరే పద్ధతి తెచ్చింది. పైపొర సముద్రపు నీరు 28 డిగ్రీలుంటే దాదాపు 350 మీటర్ల లోతున 12–13 డిగ్రీలే ఉంటుంది. గాలి తీసేసిన గదిలో పైనీటిని ఆవిరి చేసి, లోతు నుంచి తెచ్చిన చల్లనీటితో ఆ ఆవిరిని చల్లార్చితే మంచినీరు వస్తుంది. రోజుకు లక్ష లీటర్ల సామర్థ్యంతో మొదలైన ఈ పద్ధతిని తర్వాత మినికాయ్, అగత్తిలకూ విస్తరించారు.

సముద్ర వనరుల నిర్వహణ

మనుషులు బతకగల చుక్కంత దీవికైనా చుట్టూ 200 నాటికల్ మైళ్ల వరకు, వనరులపై తనకే హక్కుండే సముద్ర ఆర్థిక మండలి దక్కుతుంది. ఏకాకి దీవి అయితే ఆ వృత్తం సుమారు 4.3 లక్షల చదరపు కిలోమీటర్లు. కిరిబాటి నేల 811 చదరపు కిలోమీటర్లే, సముద్రం మాత్రం 35 లక్షలు. ప్రభుత్వ ఆదాయంలో పెద్ద భాగం ఇతర దేశాల ట్యూనా పడవల లైసెన్సు రుసుములదే. 1982 నౌరు ఒప్పందంలో చేరిన పసిఫిక్ దేశాలు ఆ పడవలకు రోజుల లెక్కన వేట హక్కు అమ్మి, రోజుల సంఖ్యకు పరిమితి పెట్టాయి. చిన్న దేశాలు ఒక్కటై పెద్ద నౌకాదళాల నుంచి న్యాయమైన ధర రాబట్టిన అరుదైన ఉదాహరణ ఇది.

ఊరి స్థాయిలో ఫిజీ దారి చూపింది. వెరాటా ప్రాంతంలోని ఉచునివనువా గ్రామస్థులు 1997లో సౌత్ పసిఫిక్ విశ్వవిద్యాలయం తోడ్పాటుతో, తరిగిపోతున్న ‘కైకోసో’ ఆలిచిప్పల మేటలో కొంత భాగాన్ని తంబు ప్రకటించారు. చిప్పలు లెక్కపెట్టే పని కూడా గ్రామస్థులే నేర్చుకున్నారు. కొన్నేళ్లలో మూసిన చోటే కాక పక్కనున్న చోట కూడా చిప్పలు పెరిగాయి. ఈ పద్ధతి ఫిజీ అంతటా వ్యాపించి, 2002లో ఆ కృషికి ఈక్వేటర్ బహుమతి వచ్చింది.

భారీ మూసివేతల అనుభవం మిశ్రమంగా ఉంది. పలావ్ 2020 జనవరి నుంచి తన ఆర్థిక మండలిలో 80 శాతంలో వాణిజ్య వేటను ఆపింది. వచ్చే ప్రతి పర్యాటకుడూ ఆ దేశ పిల్లలకు మాట ఇస్తున్నట్టుగా పాస్‌పోర్టులోని ప్రతిజ్ఞ ముద్ర కింద సంతకం చేయాలి. కిరిబాటి మాత్రం ప్రపంచ వారసత్వ స్థలమైన ఫీనిక్స్ దీవుల రక్షిత ప్రాంతంలో 2015లో వాణిజ్య వేటను నిషేధించి, 2021లో తిరిగి అనుమతించాలని నిర్ణయించింది. రుసుముల ఆదాయం వదులుకోలేమన్నది ప్రభుత్వ వాదన. ప్రపంచం కోసం సముద్రాన్ని మూసిన పేద దేశానికి ప్రపంచం ఏమిచ్చిందన్న ప్రశ్నకు ఇప్పటికీ సరైన జవాబు లేదు.

గోడలు, మెరక, మడ అడవులు

1987 ముంపు తర్వాత మాలే చుట్టూ జపాన్ సాయంతో నాలుగు కాళ్ల కాంక్రీటు దిమ్మెలతో గోడ కట్టారు. 2004 సునామీలో నష్టం మరింత పెరగకుండా ఆ గోడ కాచింది. 1997లో మాలే పక్కన లోతులేని మడుగును ఇసుకతో పూడ్చి, సముద్రానికి సుమారు రెండు మీటర్ల ఎత్తున హుల్హుమాలే దీవిని నిర్మించడం మొదలుపెట్టారు. తువాలు 2023లో రాజధాని ఫునాఫుటిలో ఏడు హెక్టార్లకు పైగా కొత్త మెరకను పూర్తి చేసింది.

ఈ పరిష్కారం ఖరీదైనది, పైగా తవ్వే ఇసుక ఎక్కడిదన్న చిక్కు ఉంది. మడుగు అడుగున తవ్వితే లేచే బురద పగడాన్ని కప్పేస్తుంది. ఒకచోట గట్టి గోడ కడితే పక్క తీరానికి ఇసుక అందక కోత మొదలవుతుంది. మాల్దీవుల్లో ఒకప్పుడు ఇళ్ల గోడలకు పగడపు రాళ్లే వాడేవారు. దిబ్బను తవ్వి ఇల్లు కట్టి, తర్వాత ఆ ఇంటిని కాపాడుకోవడానికి కాంక్రీటు దిబ్బ కట్టవలసి రావడం పరిరక్షణ లోపించిన ఖర్చును కళ్లకు కడుతుంది.

మడ అడవులు, సముద్రపు గడ్డి, తీరం వెంట మొగలి పొదలు, దిబ్బల పునరుద్ధరణ వంటివి ‘మెత్తని’ రక్షణలు. ఇవి తక్కువ ఖర్చుతో పని చేస్తాయి, చేపలకు నెలవవుతాయి, వాటంతట అవే పెరుగుతాయి. కానీ వేళ్లూనడానికి ఏళ్లు కావాలి, జనం కిక్కిరిసిన మాలేలాంటి చోట వాటికి చోటే లేదు.

ఇంధనం విషయం క్లుప్తంగా చెప్పుకోవచ్చు. డీజిల్ దిగుమతి చేసుకునే దీవులకు సూర్యరశ్మి పర్యావరణ ఆదర్శం కన్నా ముందు ఇంటి ఖర్చు తగ్గించే మార్గం. పసిఫిక్‌లోని టొకెలావు 2012లో తన విద్యుత్తును దాదాపు మొత్తంగా సౌరశక్తికి మార్చుకుంది.

తరలింపు, పౌరసత్వం

అన్ని ఉపాయాలూ అయిపోయాక మిగిలేది ఊరు కదలడం. ఫిజీలోని వనువా లెవు దీవిలో వునిందోగొలోవా గ్రామం 2014లో సుమారు రెండు కిలోమీటర్లు లోపలికి జరిగింది. పనామాకు చెందిన గార్దీ సుగ్దుబ్ దీవి నుంచి గునా తెగకు చెందిన దాదాపు 300 కుటుంబాలు 2024లో ప్రధాన భూభాగానికి వెళ్లాయి. కిరిబాటి ప్రభుత్వం 2014లో ఫిజీలో సుమారు 20 చదరపు కిలోమీటర్ల భూమి కొన్నది.

2023లో తువాలు, ఆస్ట్రేలియా కుదుర్చుకున్న ఫలెపిలి ఒప్పందం 2024లో అమల్లోకి వచ్చింది. సుమారు 11,000 మంది ఉన్న ఆ దేశం నుంచి ఏటా 280 మందికి ఆస్ట్రేలియాలో స్థిరపడే అవకాశం దొరుకుతుంది. 2025లో తొలిసారి పేర్లు పిలిచినప్పుడు జనాభాలో సగానికి మించి నమోదయ్యారు. నేల పోయినా తమ రాజ్యం శాశ్వతంగా కొనసాగుతుందని తువాలు 2023లో రాజ్యాంగంలోనే రాసుకుంది.

చట్టం, ధనం

వాతావరణ మార్పు నష్టాలకు పరిహార నిధి కోసం వనువాటు 1991లోనే ప్రతిపాదన పెట్టింది. ‘నష్టాలు–విధ్వంసం’ నిధికి దేశాలు అంగీకరించింది 2022లో. 2017లో మరియా తుపాను డొమినికాకు కలిగించిన నష్టం ఆ దేశ వార్షిక ఉత్పత్తిలో 226 శాతం అన్న లెక్క చూస్తే 31 ఏళ్ల ఆలస్యం ఎంత బరువైనదో అర్థమవుతుంది. ఈలోగా దీవులు సొంత దారులు వెతికాయి. కరీబియన్ దేశాలు 2007లో ఉమ్మడి విపత్తు బీమా నిధి పెట్టుకున్నాయి. సీషెల్స్ అప్పులో కొంత భాగాన్ని సముద్ర రక్షణ హామీగా మార్చుకుని, 2020 నాటికి తన సముద్రంలో 30 శాతాన్ని రక్షిత ప్రాంతంగా ప్రకటించింది.

2019లో సౌత్ పసిఫిక్ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదివే విద్యార్థులు, వాతావరణ మార్పుపై దేశాల బాధ్యత ఏమిటో అంతర్జాతీయ న్యాయస్థానమే చెప్పాలని ఉద్యమం ప్రారంభించారు. వనువాటు దాన్ని భుజాన వేసుకుంది. 2023 మార్చిలో సర్వసభ్య సభ తీర్మానించగా, 2025 జులై 23న న్యాయస్థానం సలహాపూర్వక అభిప్రాయం వెలువరించింది. వాతావరణ వ్యవస్థను కాపాడడం దేశాలకు చట్టబద్ధమైన బాధ్యతేననీ, ఉల్లంఘనకు పరిహార బాధ్యత కూడా రావచ్చనీ అందులో స్పష్టం చేసింది.

అనుకూలనానికి హద్దులు

సముద్రమట్టం 1901–2018 మధ్య సగటున 20 సెంటీమీటర్లు పెరిగింది. ఉద్గారాలు బాగా తగ్గితే 2100 నాటికి 28–55 సెంటీమీటర్లు, ఎక్కువగా కొనసాగితే 63–101 సెంటీమీటర్లు పెరగవచ్చని ప్రభుత్వాల మధ్య వాతావరణ మార్పు సంఘం అంచనా. భూతాపం 1.5 డిగ్రీలకు చేరితే పగడపు దిబ్బల్లో 70–90 శాతం, 2 డిగ్రీలకు చేరితే 99 శాతానికి పైగా దెబ్బతింటాయి. చిలక చేపలను కాపాడినా, ఎలుకలను నిర్మూలించినా, బావులను పొదుపుగా తోడినా వచ్చేది వ్యవధి మాత్రమే. ఆ వ్యవధి ఎంత అన్నది బొగ్గు, చమురు మండించే పెద్ద దేశాల మీద ఆధారపడి ఉంది. ఆ దేశాల్లో భారత్ కూడా ఒకటి.

భారతీయ దీవులు, తెలుగువారు

లక్షద్వీప్ నేల 32 చదరపు కిలోమీటర్లే. దాని మడుగులు మాత్రం సుమారు 4,200. బంగారం వలయంలోని పరళి–1 దీవి పూర్తిగా కోతకు గురై కనుమరుగైందని 2017లో ఒక పరిశోధన వెల్లడించింది. మినికాయ్ జాలర్లు వలలు వాడకుండా గాలపు కర్రతో ఒక్కొక్క ట్యూనానే పడతారు. వేట మితంగా ఉంచే ఈ పద్ధతికి ఎర చేపలు కావాలి, ఆ చిన్న చేపలు మడుగులోని పగడాల మధ్యనే పెరుగుతాయి. పగడం పోతే గాలానికి ఎర ఉండదు.

అండమాన్ నికోబార్ దీవుల్లో 2011 జనగణన ప్రకారం దాదాపు 13 శాతం మంది మాతృభాష తెలుగు. వీరిలో చాలామంది శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్లిన మత్స్యకార కుటుంబాల వారు. ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన కురిసే ఆ దీవుల్లో వేసవిలో తాగునీటికి ఇబ్బంది పడవలసి రావడం నిల్వ లోపాన్ని చూపుతుంది. గ్రేట్ నికోబార్‌లో రేవు, విమానాశ్రయం, పట్టణం కోసం 2022లో పర్యావరణ అనుమతి ఇచ్చిన ప్రాజెక్టు సుమారు 130 చదరపు కిలోమీటర్ల అడవిని కోరుతోంది. దేశ రక్షణకు, వాణిజ్యానికి అది అవసరమని ప్రభుత్వం అంటోంది. రేవు రానున్న గలథియా అఖాతం లెదర్‌బ్యాక్ తాబేళ్లు గుడ్లు పెట్టే చోటు. పైగా 2004 భూకంపంలో ఆ దీవి దక్షిణ కొన నాలుగు మీటర్లకు పైగా కుంగింది. విమర్శకులు ఎత్తి చూపుతున్న ఈ రెండూ తోసిపుచ్చదగినవి కావు.

గోదావరి ముఖద్వారం వద్ద హోప్ ఐలాండ్ కాకినాడ రేవుకు సహజమైన అలల అడ్డుకట్ట. 1839 తుపానులో దెబ్బతిన్న కోరింగ రేవు దీనికి దగ్గరే. 19వ శతాబ్దంలో మారిషస్ చెరకు తోటలకు వెళ్లిన తెలుగువారికి అక్కడ ‘కొరింగీలు’ అన్న పేరు ఈ రేవు నుంచే వచ్చింది. 1903 నుంచి ఫిజీకి వెళ్లిన దక్షిణాది కూలీల్లోనూ తెలుగువారున్నారు. వారి వారసులు ఈ రోజు దీవి పౌరులుగా ఈ ముప్పును ఎదుర్కొంటున్నారు. ఇటు గోదావరిపై ఆనకట్టల వల్ల సముద్రానికి చేరే ఒండ్రు గత శతాబ్దం చివరి మూడు దశాబ్దాల్లోనే సగానికి మించి తగ్గింది. డెల్టా అంచు కోతకు గురవుతోంది. హోప్ ఐలాండ్‌కు ఇసుక అందించేదీ ఆ నదే.

ఇసుక దీవికి ఒండ్రు ఎలాగో, పగడపు దీవికి పగడపు ముక్క అలాగే. 2001 నుంచి పగడాలు మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్ రక్షణలో ఉన్నాయి. తీరాన ఎండిపోయి కనిపించే ముక్కను ఏరి తెచ్చుకోవడం కూడా నేరమే. అండమాన్‌కో లక్షద్వీప్‌కో విహారానికి వెళ్లే తెలుగు కుటుంబాలు ఆ ముక్కలను దొరికిన చోటే వదిలి రావాలి, పిల్లలకు కూడా ఆ మాట చెప్పాలి.